ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) వేసేటప్పుడు స్థలం చాలకపోతే డిలీట్ నొక్కకండి

పోయిన ఆదివారం బెంగళూరు మారతహళ్లిలో మా పీజీ పై అంతస్తు తమ్ముడొకడు విండోస్ 11 వేసుకుంటూ డీ డ్రైవ్ మొత్తం పోగొట్టుకున్నాడు. వాళ్ల నాన్నగారి షష్టిపూర్తి ఫొటోలు అందులోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. "అన్నా, ఒక్కసారి రా" అని రాత్రి పదకొండింటికి తలుపు కొట్టాడు. నేను వెళ్లేసరికి ఇన్‌స్టాల్ సగం దాటిపోయింది.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు సపోర్ట్ అయిపోయాక చాలామంది ఈ పని సొంతంగా చేసుకుంటున్నారు. బ్యాకప్ సంగతి అందరూ చెప్పేదే. నేను ఒక్క స్క్రీన్ గురించి చెప్తాను.

స్థలం చాలదంటూ సెటప్ ఆగే స్క్రీన్ అది. అక్కడ సీ, డీ అనే అక్షరాలు కనపడవు. డిస్క్ 0 పార్టిషన్ 3, పార్టిషన్ 4 అని, పక్కన సైజు, అంతే. పార్టిషన్ అంటే డిస్క్‌లో ఒక భాగం, మనం సీ, డీ అనేవి అవే. ఆ అబ్బాయిది 256 జీబీ ఎస్ఎస్‌డీ. సీ 118, డీ 119. పాత విండోస్ తీసేస్తున్నా అనుకుని 119 మీద డిలీట్ నొక్కాడు. ఆ ఖాళీలోనే కొత్త విండోస్ ఎక్కించాడు. అక్కడ అన్‌డూ ఉండదు.

అందుకే ముందు రోజే డీ డ్రైవ్‌కు ఇంగ్లిషులో ఫొటోస్ అని పేరు పెట్టండి. సెటప్‌లో ఆ పేరు పార్టిషన్ నంబరు పక్కన కనిపిస్తుంది. జాబితా మొత్తం ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి.

స్థలం లెక్క: విండోస్ 11కు కనీసం 64 జీబీ డిస్క్ కావాలి, విండోస్ బదులు వేసుకునే మరో ఓఎస్ ఉబుంటు 24.04కు 25. ఇవి కనీసాలే. అప్‌డేట్లకు, మీ సాఫ్ట్‌వేర్లకు ఇంకా కావాలి. చాలకపోతే సెటప్ మూసేసి పాత విండోస్‌లోకి తిరిగి వెళ్లి, డౌన్‌లోడ్స్, రీసైకిల్ బిన్ ఖాళీ చేసి రండి. స్థలం అక్కడ చేసుకోవాలి. సెటప్‌లో డిలీట్ నొక్కి కాదు.

బిట్‌లాకర్ (డ్రైవ్‌కు విండోస్ వేసే తాళం) ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. అది లేకపోతే లాక్ అయిన డ్రైవ్ తెరుచుకోదు.

ఓఎస్ ఎక్కించడానికి వాడే పెన్‌డ్రైవ్ కనీసం 8 జీబీ ఉండాలి. దాన్ని బూటబుల్ చేస్తే, అంటే కంప్యూటర్ దాంతో మొదలయ్యేలా చేస్తే, అందులో ఉన్నవన్నీ పోతాయి.

ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ పీకేయండి. అది కూడా ఆ జాబితాలోకి వస్తుంది.

చార్జర్ పెట్టే ఉంచండి. కరెంటు పోవచ్చు, వాన పడే సాయంత్రం మొదలుపెట్టకండి.

జాబితాలో 100 ఎంబీ పార్టిషన్ కనిపిస్తే చిన్నదే కదా అని తీసేయకండి. బూట్ అయ్యేది దాంతోనే.

ఉబుంటులో ఎరేజ్ డిస్క్ అన్న ఆప్షన్ జోలికి పోకండి. అది పార్టిషన్ కాదు, డిస్క్ మొత్తం తుడిచేస్తుంది.

నిద్ర వస్తుంటే ఆపేయండి.

అనుమానంగా ఉంటే డిలీట్ నొక్కకండి. తొందరగా ఉన్నా నొక్కకండి.

పొరపాటున నొక్కేశారా? నెక్స్ట్ వద్దు, ఫార్మాట్ వద్దు. పవర్ బటన్ పట్టుకుని అక్కడే ఆఫ్ చేసి, డేటా రికవరీ తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. దాని మీద కొత్తగా ఏమీ రాయనంతవరకు ఫైళ్లు దొరికే అవకాశం ఉంటుంది.