పూర్తిగా చెడ్డవాడైన ప్రతినాయకుడు కథలో నిలబడకపోతే: సమస్య - పరిష్కారం

ప్రతినాయకుడిలో ఎక్కడో కాస్త మంచి ఉండి తీరాలన్న సలహా కొత్త రచయితలకు తరచుగా వినిపిస్తుంది. అది అన్ని కథలకూ వర్తించే నియమం కాదు. మంచి మచ్చుకైనా లేని పాత్రనూ నమ్మించేలా రాయవచ్చు. అలాంటి పాత్ర తేలిపోతే, లోపం సాధారణంగా అతని దుష్టత్వంలో ఉండదు. ఆ దుష్టత్వానికి రచయిత ఒక పనినీ ఒక పద్ధతినీ ఇవ్వకపోవడంలో ఉంటుంది.

పరీక్షకు ఒక కల్పిత పాత్రను తీసుకుందాం. 2024 వేసవి, బెంగళూరు తూర్పు శివారు, ఎండిపోయిన బోర్లు, కావేరి నీటి గొట్టం ఇంకా చేరని వీధులు, అద్దె ఇళ్లలో తెలుగు కుటుంబాలు. అక్కడ ట్యాంకర్లతో నీళ్లు అమ్మే నాగరాజు మన ప్రతినాయకుడు.

లక్షణం: ఎంత క్రూరంగా ప్రవర్తించినా పాఠకుడికి భయం కలగదు.

కారణం: అతని క్రూరత్వానికీ అతని లాభానికీ సంబంధం ఉండదు. కుక్కను తన్నడం, పనివాణ్ణి చెంపదెబ్బ కొట్టడం, పెద్దగా నవ్వడం వంటివి చేయించి, పైన "కర్కోటకుడు" అన్న విశేషణం తగిలిస్తే పాఠకుడికి రచయిత శ్రమ కనిపిస్తుందే తప్ప మనిషి కనిపించడు.

పరిష్కారం: విశేషణాలు తీసేసి వ్యాపారం చూపండి. ఆ ఏడాది మార్చిలో జిల్లా యంత్రాంగం ప్రైవేటు ట్యాంకర్ల ధరలకు పరిమితి విధించింది. నాగరాజు దాన్ని ఎదిరించడు. రసీదు ఆ ధరకే రాసిచ్చి, మిగతాది చేతికి తీసుకుంటాడు, పైగా లోడు పూర్తిగా నింపడు. ఎవరైనా ఫిర్యాదు చేస్తే కేకలు వేయడు. ఫిర్యాదు చేసిన ఇంట్లో నెలల బిడ్డ ఉన్నా లోడు పంపకుండా, "తర్వాతి లోడు మీదేనమ్మా" అని ప్రతిరోజూ చెబుతూనే ఉంటాడు. ఈ ఒక్క వాక్యం చేసే పనిని పది హత్యలు చేయలేవు.

లక్షణం: సగం కథ అయ్యేసరికి పాఠకుడు అతని మీద జాలిపడుతున్నాడు.

కారణం ఫ్లాష్‌బ్యాక్. పాత్ర లోతులేనిదని ఎవరైనా అంటారేమోనన్న బెరుకుతో రచయిత అతనికి ఒక తాగుబోతు తండ్రినీ ఆకలి బాల్యాన్నీ అంటగడతాడు.

పరిష్కారం: ఆ అధ్యాయాన్ని నిర్దాక్షిణ్యంగా కొట్టివేయండి. అతడు ఎందుకు ఇలా తయారయ్యాడన్న ప్రశ్నకు జవాబు అక్కరలేదు; ఇప్పుడు అతనికి ఏం కావాలి, ఎప్పటిలోగా కావాలి అన్న ప్రశ్నలకు మాత్రం జవాబు ఉండాలి. నగరంలో కలిసిన 110 గ్రామాల కోసం తలపెట్టిన కావేరి నీటి సరఫరా ఐదో దశ పథకం 2024 అక్టోబరులో ప్రారంభమైంది. అంటే ఆ వేసవిలో నాగరాజు చేతిలో మిగిలింది కొన్ని నెలలు మాత్రమేనని అతనికి తెలుసు. ఆ తొందర అతణ్ణి మరింత కఠినుణ్ణి చేస్తుంది, కానీ ఇసుమంతైనా మెత్తబరచదు.

లక్షణం: ఇన్ని ఘోరాలు జరుగుతుంటే ఎవరూ ఎందుకు ఆపలేదన్న సందేహం వస్తుంది.

చాలా నవలలు కుప్పకూలేది ఇక్కడే. దుర్మార్గుణ్ణి ఒంటరిగా నిలబెట్టి, చుట్టూ ఉన్నవారందరినీ అమాయకులుగా రాయడం దీనికి కారణం. వాస్తవంలో అతనికి సహకరించేవారిలో చాలామంది చెడ్డవారు కారు. లోడుకు కొంత కమీషన్ పుచ్చుకునే అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి, మన కడప జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన సౌమ్యుడే కావచ్చు. వాట్సాప్ గ్రూపులో ఫిర్యాదు పెట్టిన వ్యక్తికి "ఇప్పుడెందుకండీ గొడవ" అని జవాబిచ్చే పెద్దాయన మనసు మంచిదే కావచ్చు. నైతికమైన సందిగ్ధత కావాలనుకుంటే దాన్ని వీరికి ఇవ్వండి. నాగరాజులో సందేహం లేకపోవడం, వీరిలో సందేహం ఉండి కూడా నోరు పెగలకపోవడం పక్కపక్కన నిలిచినప్పుడు, పాఠకుడు భయపడేది నాగరాజు ఒక్కడిని చూసే కాదు.

లక్షణం: అతడు నోరు తెరవగానే మూసపాత్ర అయిపోతాడు.

దుర్మార్గుడనగానే రాయలసీమ యాసో, బెంగళూరు కథ కనుక కన్నడం కలిసిన తెలుగో తగిలించే అలవాటు ఇందుకు కారణం. ఇది అన్యాయం, పైగా బద్ధకం. నాయకుడు ఇంట్లో మాట్లాడే తెలుగునే ఇతనికీ ఇవ్వండి. "బాగున్నారా అన్నా" అన్న పలకరింపుతో సహా. తన పథకాన్ని నాయకుడి ఎదుట పూసగుచ్చినట్లు వివరించే ఉపన్యాసం ఉంటే దాన్ని కూడా అప్పుడే తొలగించండి.

లక్షణం: ముగింపులో అతని పతనం అతికించినట్లు ఉంటుంది.

కారణం: ఓటమికి మూలం అతని స్వభావంలో కాక రచయిత అవసరంలో ఉంటుంది. దేవదానవుల చేతిలో చావు లేకుండా వరం కోరిన రావణుడు, మనుషులను లెక్కచేయక ఆ జాబితాలో చేర్చలేదు. అతని చావు ఆ నిర్లక్ష్యంలోనే ఉంది.

పరిష్కారం: మీ ప్రతినాయకుడు ఎవరిని గడ్డిపోచగా చూస్తాడో ముందే నిర్ణయించుకోండి. నాగరాజుకు ట్యాంకరు పైపు పట్టుకునే కుర్రవాడు అలాంటివాడు. తన కూలి లెక్క తప్పిపోకూడదని ఆ కుర్రవాడు ఏ ఇంటికి ఎన్ని లోడ్లు వెళ్లాయో, చేతికి ఎంత వచ్చిందో చిన్న నోటుపుస్తకంలో రాసుకుంటాడు. ఆ పుస్తకాన్ని చివరిదాకా దాచకండి. మొదటి సగంలోనే రెండుసార్లు నాగరాజు కళ్ల ముందు పెట్టండి, అతడు చూసి కూడా పట్టించుకోకుండా వెళ్లిపోవాలి. పట్టుబడ్డాక అతనిచేత కన్నీళ్లు పెట్టించనూ వద్దు, క్షమాపణ చెప్పించనూ వద్దు; వకీలు ఫీజు దగ్గర బేరమాడించండి.