అడవి హైవే మీద జంతువులు దాటే దారులు: ప్లాన్ ఎక్కడ మొదలుపెట్టాలి

అందమైన అడవి హైవే ఒకటి ఉంది, దాని మీద జంతువులు చనిపోతున్నాయి, ఏదైనా చేద్దామని మీటింగ్ పెడతారు. కూర్చున్న పది నిమిషాల్లో ఎవరో ఒకరు చెట్లతో పచ్చగా ఉన్న ఓవర్‌పాస్ (రోడ్డు మీదుగా జంతువులు దాటే వంతెన) ఫొటో చూపిస్తారు. రోడ్డు డిజైన్ పనిలో ఉన్నవాణ్ణి, నాకూ ఆ ఫొటో నచ్చుతుంది. కానీ ప్లాన్ అక్కడ మొదలైతే డబ్బంతా ఒక్క కట్టడానికే అయిపోతుంది, జంతువులు దాని పక్కనుంచి రోడ్డెక్కుతూనే ఉంటాయి. నా వరుస వేరు. ముందు ఎక్కడ ఏవి చనిపోతున్నాయో లెక్క, తర్వాత స్పీడు, ఆ తర్వాత కంచె, చివరికి దాటే దారి.

లెక్క కోసం పోలీసు రికార్డు ఒక్కటే చూస్తే చాలదు. బండికి గట్టిగా దెబ్బ తగిలితేనే కేసు రాస్తారు. ఉడుము, ముంగిస, కప్ప ఏ రికార్డులోకీ ఎక్కవు. చిన్న కళేబరాలను కుక్కలు, కాకులు తెల్లారేసరికే మాయం చేస్తాయి. అందుకే వెలుగు రాగానే బయల్దేరాలి, బండి నెమ్మదిగా పోనివ్వాలి, రోడ్డులో కొన్ని ముక్కలు నడిచి చూడాలి. కిలోమీటరు రాయి, జీపీఎస్ పాయింట్, ఏ జంతువు, రోడ్డుకి ఏ వైపు, ముందు రోజు వాన పడిందా అన్నవి అక్కడే రాసుకోండి. అన్ని కాలాల్లోనూ తిరగాలి. ఎండాకాలం నీళ్ల కోసం దాటే చోటు వేరు, తొలకరికి కప్పలు గుంపుగా దాటే చోటు వేరు. రోడ్డు మరమ్మతు కూలీలను, రాత్రి బస్సు డ్రైవర్లను కూడా అడగండి. మ్యాపులో దొరకని మలుపులు వాళ్లు చెబుతారు.

ఇక్కడ ఒక చిక్కుంది. కళేబరాలు తక్కువగా ఉన్నంత మాత్రాన రోడ్డు మంచిదని కాదు. రోజుకు 10,000 వాహనాలు దాటే రోడ్డు దగ్గరికి చాలా జంతువులు రావడమే మానేస్తాయి. అంటే రోడ్డు గోడగా మారినట్టే. మధ్యస్థంగా రద్దీ ఉన్న రోడ్ల మీదే చావులు ఎక్కువ కనిపిస్తాయి, ఎందుకంటే అక్కడ అవి ఇంకా దాటడానికి తెగిస్తాయి. కాబట్టి రోడ్డు మీద చూసినంత శ్రద్ధగా రోడ్డు అంచుల్లో కూడా చూడాలి. జంతువుల కాలిబాట రోడ్డు దాకా వచ్చి, దాటకుండా అంచు వెంట మలుపు తిరిగిందంటే అది రాసుకోవాల్సిన చోటే. రోడ్డు కింద నీళ్లు పోయే కల్వర్టు నోట్లో సాయంత్రం సన్న ఇసుక పలచగా పరిచి చీపురుతో చదును చేయండి. పొద్దున వెళ్లి చూస్తే ఎవరు లోపలికి వెళ్లారో, ఎవరు నోటి దగ్గరే తచ్చాడి వెనక్కి తిరిగారో తెలిసిపోతుంది. జంతువు కదిలితే వాటంతటవే ఫొటో తీసే ట్రాప్ కెమెరాలు ఉన్నా నేను ఈ పని వదలను. చిన్న జంతువులను, వెనక్కి తిరిగిన అడుగులను కెమెరా చాలాసార్లు పట్టుకోదు.

స్పీడు విషయంలో లెక్క వేసి చూపిస్తే వాదన త్వరగా ముగుస్తుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఉన్న డ్రైవరు ప్రమాదం గమనించి బ్రేకు మీద కాలు వేసేలోపే బండి దాదాపు 55 మీటర్లు పోతుంది. పూర్తిగా ఆగేసరికి 130 మీటర్లు. డిమ్ లైట్లో కనిపించేది సుమారు 50, 60 మీటర్లే. అంటే జింక కనిపించేసరికే ఆలస్యమైపోయింది. వేగం 50కి దిగితే ఆగే దూరం 65 మీటర్లు. అయితే దీనికి గెంతుతున్న జింక బోర్డు ఒక్కటే పెట్టి ఊరుకోకండి. రోజూ తిరిగేవాళ్లకు అది కనిపించడం మానేస్తుంది. జంతువులు దాటే కాలంలో మాత్రమే వెలిగే బోర్డులు, బండిని కుదిపే రంబుల్ స్ట్రిప్పులు, సన్నబడిన లేన్లు కొంత నయం. వేరే దారి ఉన్నచోట రాత్రి మూసేయడం కూడా మార్గమే. కర్ణాటకలోని బందీపూర్ అడవి గుండా వెళ్లే రోడ్డు మీద 2009 నుంచి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మామూలు రాకపోకలు ఆపేశారు.

చూడచక్కని రోడ్డయితే ఇంకో తలనొప్పి ఉంది. మలుపు తిరగ్గానే లోయ కనిపిస్తుంది, బండ్లు మార్జిన్ మీద ఆగిపోతాయి. సెల్ఫీలు, చిప్స్ ప్యాకెట్లు, వాటి కోసం కోతులు, కోతుల కోసం మళ్లీ ఆగే బండ్లు. ఆ మలుపు జంతువులు దాటే చోటు కూడా అయితే ఎంత ఖర్చు పెట్టినా ఫలితం ఉండదు. వ్యూపాయింట్‌ను అక్కడినుంచి దూరంగా జరిపి సరైన పార్కింగ్, మూతలున్న చెత్తడబ్బాలు పెట్టండి. పాతచోట మార్జిన్ మీద బండి ఆపడానికి వీల్లేకుండా రాళ్లు పాతించండి. రోడ్డు కింద జంతువులు దాటే అండర్‌పాస్ లోంచి ట్రెక్కింగ్ దారి వేయించొద్దు. మనుషులు తిరిగే అండర్‌పాస్‌లను పెద్ద జంతువులు తక్కువ వాడతాయని కెనడాలోని బాన్ఫ్ నేషనల్ పార్కు పరిశోధనల్లో తేలింది.

ఆ బాన్ఫ్‌లోనే ట్రాన్స్ కెనడా హైవే మీద 6 ఓవర్‌పాస్‌లు, 38 అండర్‌పాస్‌లు కట్టారు. ఫొటోల్లో ఓవర్‌పాస్‌లే కనిపిస్తాయి గానీ, ప్రమాదాలు 80 శాతానికి పైగా తగ్గడంలో అసలు బలం రెండు వైపులా వేసిన 2.4 మీటర్ల ఎత్తు కంచెది. కంచె జంతువును ఆపుతుంది, ఆగిన జంతువుకు దారి చూపేది అండర్‌పాస్. కంచె లేని అండర్‌పాస్ తలుపులున్నా గోడల్లేని ఇల్లు. కంచె పొడవు 5 కిలోమీటర్ల కంటే తక్కువైతే జంతువులు చివర్లనుంచి చుట్టూ తిరిగి వచ్చేస్తాయి, అప్పుడు ఫలితం బాగా పడిపోతుంది. చివరలు మైదానంలో వదలకుండా వాగు వంతెన దగ్గరో నిటారు కొండ దగ్గరో కలపండి. తవ్వే జంతువులు ఉంటే వల అడుగును మట్టిలోకి దించాలి. పొరపాటున రోడ్డు వైపు చిక్కుకున్న జంతువు బయటికి దూకిపోవడానికి మట్టి ర్యాంపులు కావాలి. రోడ్డు వైపునుంచి ఎక్కగలగాలి, అవతలి వైపునుంచి ఎక్కలేకుండా ఉండాలి. పక్క రోడ్లు కలిసేచోట జంతువులు కాలు పెట్టడానికి వెనకాడే కమ్మీల గ్రిడ్ నేల మీద వేయకపోతే మొత్తం కంచె వృథా.

ఇప్పుడు దాటే దారి. ముందు ఉన్నవాటిని వెతకండి. వాగు మీద ఉన్న పాత కల్వర్టులో ఒక పక్క నీటికి పైన అరుగు కట్టిస్తే చిన్న జంతువులు తడవకుండా పోతాయి. నన్నడిగితే రూపాయికి ఇంత పని చేసేది ఇంకోటి లేదు. కొత్త అండర్‌పాస్‌కి వెడల్పును ఎత్తుతో గుణించి పొడవుతో భాగించి చూస్తాం, అంకె ఎంత పెద్దదైతే దారి అంత విశాలమన్నమాట. 7 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల ఎత్తు, 28 మీటర్ల పొడవు ఉంటే 1 వస్తుంది. అదే పొడవుకి రెండింటికి రెండు మీటర్ల పైపు పెడితే 0.14. అందులోకి జింక తలకూడా పెట్టదు. బాన్ఫ్‌లో గ్రిజ్లీ ఎలుగులు, ఎల్క్‌లు (పెద్ద జింకలు) విశాలంగా ఉన్నవి కోరుకున్నాయి, నల్ల ఎలుగులు, కూగర్లు (అమెరికా ఖండపు పెద్ద పిల్లులు) ఇరుకైనవాటికీ సరే అన్నాయి. కాబట్టి ఒకే సైజు అన్నిచోట్లా వద్దు. పెంచ్ పులుల అభయారణ్యం దగ్గర ఎన్‌హెచ్ 44 మీద 9 కట్టడాలు కట్టి, 2019లో కెమెరాలు పెడితే 18 రకాల అడవి జంతువులు వాడుతూ కనిపించాయి, అందులో పులులూ ఉన్నాయి. చెట్ల మీదే తిరిగేవాటికి కొమ్మనుంచి కొమ్మకు తాళ్ల వంతెన చాలు.

కెమెరాలు పని మొదలవకముందే పెట్టండి, ఏమీ కట్టని ఇంకో రోడ్డు ముక్క మీద కూడా పెట్టండి. లేకపోతే తగ్గింది మీ వల్లో వానల వల్లో ఎవరూ చెప్పలేరు. మొదటి ఏడాది అంకెలు చూసి టెన్షన్ పడొద్దు. బాన్ఫ్‌లో ఎలుగులకు అలవాటుకావడానికే ఏళ్లు పట్టింది.

నిర్వహణ సంగతి టెండరులోనే రాయించండి. గాలివానకు చెట్టు కంచె మీద పడితే ఎంతసేపట్లో తీయాలి, తీసేదాకా ఆ సందు దగ్గర ఎవరు కాపలా ఉండాలి, గేటు తాళాలు అటవీ శాఖ దగ్గరా రోడ్ల శాఖ దగ్గరా, కల్వర్టు అరుగు మీద మట్టి వానలకు ముందే ఎవరెత్తాలి. ఇవి రాయని టెండరు మీద నేను సంతకం పెట్టను.