ఫైల్ సిస్టమ్ కోడ్ నేర్చుకుందాం – 4వ భాగం: కాలం చెల్లిన కామెంట్లను తీసేయడం

లినక్స్ కెర్నల్ సోర్సులో ఎఫ్ఎస్ డైరెక్టరీ ఎలా ఉంటుందో, ఏ ఫైల్ ఏ పని చేస్తుందో పోయిన భాగంలో చూశాం. ఈసారి కోడ్ మీద చేయి వేద్దాం. మొదటి పని పాతబడిన కామెంట్లను తీసేయడం. కొత్తవాళ్లకు ఇది సులువైన పని అని చెబుతుంటారు. ప్యాచ్, అంటే మనం పంపే మార్పు, రెండు మూడు లైన్లే ఉంటుంది, నిజమే. కానీ ఆ లైన్లు ఇక అవసరం లేవని తేల్చుకోవడానికి లాకింగ్, అంటే ఒకే సమాచారాన్ని ఇద్దరు ఒకేసారి మార్చకుండా ఆపే ఏర్పాటు, మొత్తం చదవాల్సి వస్తుంది. నేర్చుకునేవాళ్లకు నేను ఈ పనినే ముందు ఇవ్వడానికి కారణం కూడా అదే.

తప్పు కామెంట్‌ను కంపైలర్ పట్టుకోదు. "ఈ ఫంక్షన్‌ను పిలిచేటప్పటికే లాక్ పట్టుకుని ఉంటారు" అని రాసి ఉంటే, చదివినవాళ్లు నమ్మి తమ కోడ్‌లో లాక్ వేయరు. ఆ మాట ఇప్పుడు నిజం కాకపోతే రెండు ప్రాసెస్‌లు ఒకే సమాచారాన్ని ఒకేసారి మారుస్తాయి. ఫైల్ సిస్టమ్‌లో ఆ పాడైన సమాచారం డిస్క్ మీదికి వెళ్లి కూర్చుంటుంది. రీబూట్ చేసినా పోదు. అందుకే ఇక్కడ కామెంట్‌ను కూడా కోడ్ అంత జాగ్రత్తగా చూడాలి.

ఒక్క ఉదాహరణ పట్టుకుని లోతుగా వెళదాం: ఐనోడ్ లాక్. ఐనోడ్ అంటే ఒక ఫైల్ లేదా డైరెక్టరీ వివరాలు ఉంచే స్ట్రక్చర్. మొదట్లో ఈ లాక్ పేరు ఐ_సెమ్. 2006లో వచ్చిన 2.6.16 వెర్షన్‌లో అది ఐ_మ్యూటెక్స్ అయింది. 2016లో 4.7 వెర్షన్‌లో దాని స్థానంలోకి ఐ_ఆర్‌డబ్ల్యూసెమ్ వచ్చింది. ఈ చివరి మార్పుకు ముందే, 4.5లో, ఐనోడ్_లాక్, ఐనోడ్_అన్‌లాక్ అనే చిన్న ఫంక్షన్లు తెచ్చి కోడ్ అంతటా వాటినే వాడేలా చేశారు. దాంతో అసలు లాక్ మారినా కోడ్‌కు ఇబ్బంది రాలేదు. కామెంట్లలో మాత్రం ఐ_మ్యూటెక్స్ అన్న మాట చాలాచోట్ల అలాగే ఉండిపోయింది.

సోర్సులో గిట్ గ్రెప్‌తో, అంటే గిట్‌లోని వెతికే కమాండ్‌తో, ఆ పేరు వెతకండి. దొరికిన ప్రతిదీ పాతది అనుకోవద్దు. ఫైల్ సిస్టమ్ రకాన్ని వర్ణించే స్ట్రక్చర్‌లో ఐ_మ్యూటెక్స్_కీ, ఐ_మ్యూటెక్స్_డిర్_కీ అనే ఫీల్డులు ఉన్నాయి. అవి ఇప్పటికీ వాడుకలో ఉన్న పేర్లు, వాటి జోలికి వెళ్లకండి. మనకు కావాల్సింది వాక్యాల మధ్యలో ఉన్న ఐ_మ్యూటెక్స్.

ఇక అసలు కష్టం మొదలవుతుంది. పాత పేరు తీసి కొత్త పేరు పెట్టేస్తే అయిపోతుంది అనిపిస్తుంది. అలా చేయకూడదు. మ్యూటెక్స్ అంటే ఒక్కరే పట్టుకోగలిగే లాక్. కొత్తదాన్ని రెండు రకాలుగా పట్టుకోవచ్చు: చాలామంది కలిసి, అంటే షేర్డ్‌గా, లేదా ఒక్కరే, అంటే ఎక్స్‌క్లూజివ్‌గా. ఒకే డైరెక్టరీలో చాలా ప్రాసెస్‌లు ఒకేసారి పేర్లు వెతుక్కోగలగాలనే ఈ మార్పు చేశారు. కాబట్టి పేరు వెతికే లుకప్ ఫంక్షన్‌ను పిలిచేటప్పుడు డైరెక్టరీ లాక్ షేర్డ్‌గా ఉంటే చాలు. కొత్త ఫైల్ సృష్టించే క్రియేట్‌కు ఎక్స్‌క్లూజివ్‌గా ఉండాలి. లుకప్ పైన "ఐ_ఆర్‌డబ్ల్యూసెమ్ పట్టుకుని ఉంటారు" అని మాత్రమే రాస్తే, చదివేవాళ్లు తామొక్కరే ఉన్నామనుకుంటారు. పాత కామెంట్‌కైతే పేరు చూడగానే అనుమానం వస్తుంది, ఇలాంటి కొత్త కామెంట్‌కు అదీ రాదు. కెర్నల్ డాక్యుమెంటేషన్‌లో ఫైల్ సిస్టమ్స్ కింద లాకింగ్ అనే ఫైల్ ఉంది. ఏ ఆపరేషన్‌కు ఏ లాక్, ఏ రకంగా అన్నది అందులో పట్టికగా ఇచ్చారు. దాన్ని పక్కన తెరిచి పెట్టుకుని పని చేయండి.

ఐ_మ్యూటెక్స్ అన్న మాట ఎఫ్‌సింక్, అంటే ఫైల్ సమాచారాన్ని డిస్క్ మీదికి రాయించే ఫంక్షన్, పైన కనిపిస్తే దారి వేరు. ఒకప్పుడు కెర్నల్ సాధారణ భాగమే ఐ_మ్యూటెక్స్ పట్టుకుని ఎఫ్‌సింక్‌ను పిలిచేది. 2011లో ఆ బాధ్యతను ఫైల్ సిస్టమ్‌లకే వదిలేశారు. కావాలంటే అవే పట్టుకోవాలి, అవే వదలాలి. కాబట్టి "లాక్ పట్టుకునే పిలుస్తారు" అన్న కామెంట్ ఇక్కడ పేరులోనే కాదు, విషయంలోనే తప్పు. దాన్ని మార్చడం కాదు, తీసేయాలి.

ఒకప్పుడు కెర్నల్ మొత్తానికి ఒకటిగా ఉన్న బిగ్ కెర్నల్ లాక్ ప్రస్తావన కనిపిస్తే ఇంకో ప్రశ్న వేసుకోండి. ఆ లాక్ 2011లో, 2.6.39తో పూర్తిగా పోయింది. అది కాపాడిన సమాచారాన్ని ఇప్పుడు ఏ లాక్ కాపాడుతోంది? జవాబు దొరికితే దాన్నే కామెంట్‌లో రాయండి. దొరకకపోతే కామెంట్ తీసేసి ఊరుకోవద్దు, అక్కడ నిజమైన బగ్ ఉండొచ్చు.

కామెంట్ ఎప్పుడు అబద్ధమైందో కనుక్కోవడానికి చాలామంది గిట్ బ్లేమ్ వాడతారు. అది ఆ లైన్‌ను చివరిసారి ముట్టుకున్న కమిట్‌నే, అంటే గిట్‌లో నమోదైన మార్పునే, చూపిస్తుంది, చాలాసార్లు అది ఖాళీలు సర్దిన కమిట్ అయి ఉంటుంది. పైగా కామెంట్‌ను అబద్ధం చేసిన మార్పు ఆ ఫైల్‌లోనే జరిగి ఉండాలని లేదు. ఎఫ్‌సింక్ విషయంలో లాక్ తీసేసింది పిలిచే వైపు, సింక్ డాట్ సీ ఫైల్‌లో. గిట్ లాగ్‌కు పెద్ద ఎస్ ఆప్షన్ ఇచ్చి లాక్ పేరు వెతికితే, ఆ పేరు చేరిన, పోయిన కమిట్‌లు బయటపడతాయి. వెతకాల్సింది కామెంట్ ఉన్న ఫైల్‌లో కాదు, ఆ ఫంక్షన్‌ను పిలిచే ఫైల్‌లో.

కొన్ని కామెంట్లను టూల్స్ చదువుతాయి. ఫైల్ మొదట్లో ఉండే ఎస్‌పీడీఎక్స్ లైసెన్స్ లైన్, రెండు నక్షత్రాలతో మొదలయ్యే కెర్నల్ డాక్ కామెంట్లు అలాంటివి. లైసెన్స్ లైన్‌ను కదపకండి. కెర్నల్ డాక్‌లో తప్పుంటే దాని రూపం చెడకుండా సరిచేయండి. ఎక్స్‌ట్3 అనే పాత ఫైల్ సిస్టమ్ పేరున్న కామెంట్ కూడా పాతదే అని తీర్మానించవద్దు. ఎక్స్‌ట్3 డ్రైవర్‌ను 2015లో 4.3 వెర్షన్‌లో తీసేశారు, కానీ ఆ ఫార్మాట్‌లో ఉన్న డిస్క్‌లను దాని తర్వాతి తరమైన ఎక్స్‌ట్4 డ్రైవర్ ఇప్పటికీ మౌంట్ చేస్తుంది.

తీసేశాక పరీక్ష. కామెంట్ పోతే కంపైలైన ఫైల్ మారకూడదు కదా అని పాత, కొత్త ఆబ్జెక్ట్ ఫైళ్లను పోలుస్తారు. ఎక్స్‌ట్4లో ఇది మోసం చేస్తుంది. ఎర్రర్ చెప్పే మాక్రోలు లైన్ నంబర్‌ను ఫంక్షన్‌కు పంపుతాయి, కాబట్టి రెండు లైన్లు తగ్గినా మెషిన్ కోడ్‌లో అంకెలు మారతాయి. కామెంట్ ఉన్నచోట అన్నే ఖాళీ లైన్లు తాత్కాలికంగా ఉంచి కంపైల్ చేసి, అప్పుడు పోల్చండి. రెండూ సరిపోయాక ఖాళీ లైన్లు తీసేయండి. కామెంట్‌తో పాటు పొరపాటున ఒక బ్రాకెట్ పోయినా, ముగింపు గుర్తు మిగిలిపోయినా ఇక్కడే దొరికిపోతుంది.

ఇంకొక్క మాట. లాక్ ఉండాలన్న నియమం నిజంగా అమల్లో ఉంటే, కామెంట్ బదులు లాక్‌డెప్_అసర్ట్_హెల్డ్_రైట్ లాంటి చెక్ పెట్టవచ్చు. లాక్‌డెప్, అంటే లాక్‌ల వాడకాన్ని తనిఖీ చేసే సదుపాయం, ఆన్ చేసిన కెర్నల్‌లో, నియమం తప్పిన వెంటనే హెచ్చరిక వస్తుంది. నాకు అదే మంచిదనిపిస్తుంది. అయితే అది కోడ్ మార్పు, వేరే ప్యాచ్‌గా పంపాలి.

అభ్యాసం: ఎఫ్ఎస్ డైరెక్టరీలో పాతబడిన లాక్ పేరున్న ఒక్క కామెంట్ ఎంచుకోండి. ఆ నియమం ఇప్పటికీ ఉందా, ఉంటే షేర్డా ఎక్స్‌క్లూజివా, లేకపోతే ఏ కమిట్‌తో పోయింది అన్నవి రాసుకోండి. కమిట్ గుర్తులో మొదటి 12 అక్షరాలు, దాని శీర్షిక కూడా నోట్ చేసుకోండి. 5వ భాగంలో కమిట్ మెసేజ్ రాసేటప్పుడు వాటితోనే మొదలుపెడతాం.