భుజం జారితే భుజం కుట్టు విప్పకండి: బ్లౌజ్ ఫిట్టింగ్ సమస్యలు, పరిష్కారాలు

కత్తెర పట్టుకునే ముందు ఒక్క పని చేయండి. బ్లౌజ్ తొడుక్కుని, హుక్స్ అన్నీ పెట్టుకుని, అద్దానికి పక్కకి తిరిగి నిలబడండి. చేతులు మామూలుగా వదిలేయండి. చంక దగ్గర నుంచి కిందికి దిగే పక్క కుట్టు నిట్టనిలువుగా ఉందా, ముందుకి వంగిందా, వెనక్కి పోయిందా? చాలా సమస్యలకి జవాబు ఆ ఒక్క గీతలోనే ఉంటుంది. ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ చూడరు. అందరూ అద్దానికి ఎదురుగా నిలబడతారు, లూజుగా కనిపించిన చోటల్లా పిన్ను గుచ్చేస్తారు, ఆ రాత్రే కుట్టేస్తారు. మర్నాడు ఇంకో చోట పట్టేస్తుంది.

దీనితోపాటే రెండో మాట. కొలత తీసినప్పుడు లోపల ఏ బ్రా ఉందో, ట్రయల్ చూసినప్పుడు కూడా అదే ఉండాలి. సాగిపోయినదానితో కొలిపించుకుని, కొత్తది వేసుకుని వచ్చి "డాట్ కిందికి పడిందక్కా" అంటే నేనేం చేయను? ఛాతీ ఆకారం కోసం మడిచి కుట్టే డాట్ చూపించాల్సిన అపెక్స్ పాయింటే, అంటే ఛాతీలో అన్నిటికంటే ఎత్తైన చోటే, పైకి పోయింది.

కొలతలు తీయడం, కటింగ్, మార్జిన్ వదలడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

ముడత ఏం చెబుతోంది

బిగుతుగా లాగిన గీతలు ఎటు చూపిస్తున్నాయో అక్కడ గుడ్డ చాలలేదు. లాగుడు లేకుండా మెత్తగా అడ్డంగా పడిన మడత అక్కడ పొడవు ఎక్కువైందని చెబుతోంది, నిలువుగా వేలాడే మడత వెడల్పు ఎక్కువైందని. ఏటవాలు ముడత పడితే దాని రెండు కొసలూ చూడండి. ఒక కొస భుజం మీదో, ఛాతీ మీదో ఉంటుంది. దోషం సాధారణంగా ఆ కొస దగ్గరే, ముడత పడిన చోట కాదు.

భుజం జారుతోంది, వీపు లూజు, అయినా హుక్స్ లాగుతున్నాయి

దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను. నన్ను బాగా దెబ్బకొట్టింది ఇదే.

ఒకావిడ పట్టు బ్లౌజ్ పట్టుకుని వచ్చారు. "భుజం జారిపోతోందక్కా, కాస్త పట్టండి" అన్నారు. రెండు భుజాల దగ్గరా పావు అంగుళం పట్టాను. వారం తిరక్కుండానే మళ్లీ వచ్చారు. భుజం ఇంకా జారుతూనే ఉంది, పైగా ముందు కింద పట్టీ ఛాతీ మీదికి ఎక్కి కూర్చుంటోంది. వీపు లూజుగా కనిపిస్తోంది కదా అని ఈసారి పక్కలు అర అంగుళం పట్టాను. మూడోసారి వచ్చేసరికి హుక్స్ మధ్య నోళ్లు తెరుచుకున్నాయి. ఏం చేయాలో తోచక నిలబడి ఉంటే, ఆవిడ ఫోన్ మోగి పక్కకి తిరిగారు. అప్పుడు కనబడింది. పక్క కుట్టు చంక కింద నుంచి విల్లులా ముందుకి వంగి ఉంది. మూడు వారాలుగా నా కళ్లముందే ఉంది, నేను చూడలేదు. పట్టిన చోటల్లా మార్జిన్ కత్తిరించేసి ఉన్నాను కాబట్టి వెనక్కి వదలడానికి గుడ్డ లేదు. చివరికి నా ఖర్చుతోనే కొత్త ముక్క కొని కుట్టిచ్చాను.

తప్పు నా టేపులో లేదు. ఆవిడ చెస్ట్ రౌండ్ 38, బ్లౌజ్ కూడా సరిగ్గా 38కే కుట్టి ఉంది. తప్పు ఆ 38ని ముందుకీ వెనక్కీ సమానమనుకుని నాలుగుతో భాగించడంలో ఉంది.

38 చెస్ట్ ఉన్న ఇద్దరిని పక్కపక్కన నిలబెట్టండి. ఒకరికి భుజాలు, వీపు వెడల్పు, ఛాతీ తక్కువ. ఇంకొకరికి సన్నటి భుజాలు, చిన్న వీపు, ఛాతీ నిండుగా. టేపుకి ఇద్దరూ ఒకటే. నాలుగుతో భాగిస్తే ఇద్దరికీ తొమ్మిదిన్నరే వస్తుంది. రెండో ఆవిడకి ఆ లెక్కతో కోస్తే మెడ, భుజం, చంక, వీపు అన్నీ ఆవిడ ఎముకల కంటే పెద్దగా వస్తాయి, గుడ్డ నిజంగా కావాల్సిన ముందు భాగంలో మాత్రం చాలదు. అందుకే భుజం జారుతుంది. అందుకే చంక ముందు వదులుగా ఒక మడత నిలబడుతుంది. అందుకే పట్టీ పైకి ఎక్కుతుంది: భుజం నుంచి ఛాతీ మీదుగా కిందికి దిగడానికి పొడవు లేదు. భుజం దగ్గర పట్టేసి నేను ఆ కాస్త పొడవు కూడా తీసేశాను.

దీన్ని పట్టుకోవడానికి ఒక్క కొలత అదనంగా తీస్తే చాలు. అప్పర్ చెస్ట్. టేపు చంకల్లోంచి పైకి, ఛాతీ మొదలయ్యే చోటుకి పైన, వీపు మీద కాస్త ఎత్తుగా తిప్పి పట్టండి. దీనికీ చెస్ట్ రౌండ్‌కీ తేడా చూడండి. చాలా డ్రాఫ్టింగ్ లెక్కలు ఈ తేడా సుమారు రెండు అంగుళాలు ఉంటుందనుకునే గీస్తాయి. తేడా రెండు దగ్గర ఉంటే మీ మామూలు కటింగ్ సరిపోతుంది. మూడు దాటితే నాలుగుతో భాగించే లెక్క పక్కన పెట్టండి.

ఆ పట్టు బ్లౌజ్ ఆవిడ అప్పర్ చెస్ట్ 33. దానికి రెండు కలిపితే 35. అంటే మెడ, భుజం, చంక, వీపు అన్నీ 35 సైజుకి కోయాలి. అసలు చెస్ట్ 38 కాబట్టి మిగిలిన మూడు అంగుళాలూ ముందు భాగానికే, ఒక్కో పక్కకి ఒకటిన్నర. ఇప్పుడు లెక్క చూడండి. లూజు కలపకముందు వీపు మొత్తం పదిహేడున్నర, ముందు మొత్తం ఇరవైన్నర, కలిపితే 38. నేను మొదట కోసింది వెనక 19, ముందు 19. కలిపితే అదీ 38. వీపులో ఒకటిన్నర మిగిలిపోయింది, ముందు ఒకటిన్నర తగ్గిపోయింది.

ఆ ఒకటిన్నరని పక్క కుట్టు దగ్గర ఊరికే కలిపేస్తే పని జరగదు. వెడల్పు వస్తుంది కానీ పొడవు రాదు. పేపర్ మీద ఇలా చేయండి. ముందు భాగం గీసుకుని అపెక్స్ గుర్తు పెట్టండి. కింద డాట్ మధ్యలోంచి నిలువుగా అపెక్స్ దాకా కోయండి. అక్కడి నుంచి తిప్పి, చంక వంపులో కింది మూడో వంతు వైపు కోసుకుంటూ వెళ్లి, కుట్టు గీత దగ్గర దారం మందం వదిలి ఆపేయండి. పక్క డాట్ మధ్యలోంచి అపెక్స్ దాకా ఇంకో కోత. ఇప్పుడు చంక వైపు ముక్కని బయటికి జరిపితే నిలువు కోత తెరుచుకుంటుంది. అపెక్స్ దగ్గర ఆ సందు మీకు కావాల్సినంత, ఇక్కడ ఒకటిన్నర, వచ్చేదాకా జరపండి. రెండు అంచులూ సమానంగా దిగేలా చూసుకోండి. పక్క డాట్ దానంతట అదే వెడల్పవుతుంది. హుక్స్ వైపు ముక్క పక్కదానికంటే పొట్టిగా మిగిలిపోతుంది కదా, దాన్ని అడ్డంగా కోసి కిందికి జరిపి సమం చేయండి. మీకు కావాల్సిన పొడవు అదే. కింద పెరిగిన వెడల్పుని కింద డాట్‌లోకి తోసేయండి, పట్టీ కొలత మారదు.

ఎంత కలపాలో లెక్కల మీద నమ్మకం కుదరకపోతే, పాత కాటన్ గుడ్డతో ట్రయల్ కుట్టి, ఒంటి మీద ఉండగానే ఛాతీ ఎత్తు మీద అడ్డంగా జాగ్రత్తగా కోసి చూడండి. తక్కువైన పొడవంతా అక్కడ నోరు తెరుస్తుంది. స్కేలు పెట్టి కొలవండి, అంతే. నేను ఇప్పటికీ ఖరీదైన గుడ్డ వస్తే ముందు ఇదే చేస్తాను.

కుట్టేసిన బ్లౌజ్ అయితే? పక్కల్లో అంగుళం మార్జిన్ ఉంటే బతికినట్టే. పక్క కుట్టు, చెయ్యి కింది భాగం విప్పండి. ముందు వైపు ముప్పావు అంగుళం వదలండి, వెనక వైపు ముప్పావు పట్టండి. చుట్టుకొలత మారదు, కుట్టు మాత్రం వెనక్కి జరిగి నిలువుగా నిలబడుతుంది. చెయ్యి కుట్టు, పక్క కుట్టు చంకలో కలవవు. కలవకపోతే కొంప మునగదు, చంకలోకి ఎవరూ తొంగిచూడరు. పొడవు కోసం కింద పట్టీ విప్పి ఇంకాస్త వెడల్పు పట్టీ వేయండి. భుజాన్ని మాత్రం ఇదంతా అయ్యాకే చూడండి. చాలాసార్లు ముట్టుకోవాల్సిన పనే ఉండదు.

అప్పర్ చెస్ట్‌కీ చెస్ట్ రౌండ్‌కీ తేడా అంగుళమో, అంతకంటే తక్కువో ఉన్నవాళ్లకి అంతా తిరగబడుతుంది. వీపు పట్టేస్తుంది, ముందు డాట్ కొసల్లో గుడ్డ ఖాళీగా నిలబడుతుంది, పక్క కుట్టు వెనక్కి పోతుంది. అదే కోత కోసి, తెరవడానికి బదులు ఒకదాని మీద ఒకటి ఎక్కించండి.

ఆది జాకెట్టు ఇచ్చి "ఇలాగే కుట్టండి" అనేవాళ్ల దగ్గర ఇంకా జాగ్రత్త. పరిచి అడ్డంగా కొలిచి రెట్టింపు చేస్తే పాత తప్పు కొత్త గుడ్డలోకి వచ్చేస్తుంది. వీపుని కుట్టు నుంచి కుట్టుకి, ముందు భాగాన్ని కుట్టు నుంచి హుక్స్ దాకా విడివిడిగా కొలవండి.

చెయ్యి ఎత్తితే బ్లౌజ్ మొత్తం లేస్తోంది

చంక బిగుతుగా ఉందనుకుని ఇంకాస్త లోతు కోసేస్తారు. సరిగ్గా చేయకూడనిది అదే. చంక ఎంత కిందికి దిగితే చెయ్యి ఎత్తినప్పుడు అంత గుడ్డని పైకి లాగుతుంది. చెయ్యి దించి ఉంచి చంకకీ గుడ్డకీ మధ్య వేలు అడ్డంగా పెట్టండి. ఒక వేలు పడితే సరి. రెండు వేళ్లు దర్జాగా పడితే లోతు ఎక్కువే. కొత్త దానికి చంక పైకి జరపండి, చేతి పైవంపు ఎత్తు కొంచెం తగ్గించి ఆ మేరకు వెడల్పు పెంచండి. కుట్టేసినదానికి చంకలో చిన్న చదరం ముక్క అతకడం తప్ప దారి లేదు. ఎత్తకముందే చంక ఒరుసుకుంటుంటే మాత్రం నిజంగానే బిగుతు, అప్పుడు పావు అంగుళం చొప్పున కోసుకుంటూ వెళ్లండి.

భుజం జారుతోంది, పక్క కుట్టు మాత్రం నిలువుగానే ఉంది

అయితే వాలు భుజమో, వెడల్పు మెడో. మెడ పక్క నుంచి చంక వైపు ఏటవాలుగా మడత దిగుతుంటే వాలు భుజం. మెడ దగ్గర సున్నా, భుజం కొసన పావు అంగుళం ఉండేలా ఏటవాలుగా పట్టి, చంకని కూడా అదే పావు దించండి. దించడం మర్చిపోతే చంక కోస్తుంది. ఎత్తు భుజాలకి సరిగ్గా దీనికి తిరగేసి చేయాలి: కొస దగ్గర వదలండి, చంక పైకి జరపండి. వెనక మెడ కింద అడ్డంగా ఒక మడత పడి కనిపిస్తుంది వీళ్లకి.

ముందూ వెనకా రెండు వైపులా డీప్ నెక్ పెట్టించుకుని, డోరీ వద్దంటే మాత్రం ఏ కటింగూ భుజాన్ని నిలబెట్టదు.

మెడ ముందు తేలుతోంది

కోసిన గంటలోనే సాగిపోయి ఉంటుంది. మెడ వంపులో గుడ్డ కొంత ఐమూలకి, అంటే ఏటవాలు పోగుకి, పడుతుంది, చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పినా చాలు, సాగుతుంది. కోయగానే అంచుకి దగ్గరగా ఒక కుట్టు వేసి పెట్టుకోండి. పేపర్ మీద పెట్టి చూస్తే సాగింది తెలిసిపోతుంది. సాగకపోయినా తేలుతోందంటే, పైన చెప్పిన ఛాతీ సమస్యే ఇంకో రూపంలో వచ్చింది. ఆ వదులుని పేపర్ మీద మెడ నుంచి అపెక్స్ వైపు మడిచి కింద డాట్‌లోకి పంపండి.

పొడవు టాప్స్‌లో

స్లిట్స్ నడుస్తున్నప్పుడు కాదు, నిలబడి ఉన్నప్పుడే విచ్చుకుంటే హిప్ చాల్లేదు. పొట్ట ముందుకి ఉంటే అది ముందు ముక్కకే కలపాలి. ఇక్కడ కూడా నాలుగుతో భాగిస్తే అదే కథ. వెనక నడుము పైన అడ్డంగా మడతలు పేరుకుంటే నడుము లోపలికి వంగిన శరీరం. వీపు మధ్యలో మడత ఎంత ఉందో అంత పిన్ను పెట్టి, పక్క కుట్టు దగ్గరికి సున్నా అయ్యేలా పేపర్‌లో తీసేయండి. వీపు గుండ్రంగా వంగినవాళ్లకి వెనక అంచు పైకి లేస్తుంది. భుజాల మధ్య అడ్డంగా కోసి పొడవు కలపండి.

మిగతావి

డాట్ కొస పొడుచుకొస్తే అపెక్స్‌కి అంగుళం ముందే ఆపండి, ఛాతీ నిండుగా ఉంటే ఒకటిన్నర దాకా. ఒక భుజం మాత్రమే కిందికి ఉంటే ఆ వైపు మాత్రమే సరిచేయండి, రెండూ కాదు. ఉతికాక పాడైతే లైనింగ్ ఒకలా, పై గుడ్డ ఒకలా కుంచించుకున్నాయి; కోయకముందే తడిపి ఆరేయాల్సింది. నిలువు పోగు తప్పి కోసిన ముక్క మెలి తిరుగుతుంది, దాన్ని ఎంత పట్టినా రాదు. దిండు గలీబుకి వాడుకోండి.