రెండు ఫీల్డులు కలిసే చోట తేడా వస్తే

లినాక్ (క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చే మిషన్) మీద కొత్తగా డ్యూటీకి వచ్చిన పిల్లలు ఎక్కువగా టెన్షన్ పడేది రెండు ఫీల్డులు, అంటే బీమ్ పడే ప్రాంతాలు, కలిసే జంక్షన్ దగ్గరే. పడాల్సిందే, ఎందుకంటే పక్కపక్క ఫీల్డులు ఒకదానిమీద ఒకటి ఎక్కితే కింద వెన్నుపాము ఉండొచ్చు, మధ్యలో ఖాళీ వస్తే జబ్బు అక్కడే మిగిలిపోవచ్చు. తేడా కనిపిస్తే బీమ్ ఆపండి, కారణం తేలాకే మళ్లీ మొదలుపెట్టండి.

చర్మం మీద లైట్ గీతలు అతికినట్టు కలిశాయి, లోపల మాత్రం హాట్ స్పాట్ (డోస్ ఎక్కువైన చోటు) చూపిస్తోందా? బీమ్ కిందికి పోయేకొద్దీ విచ్చుకుంటుంది కదా, పైన అంచులు ఆనించారంటే లోపల ఎక్కేస్తాయి. చర్మం మీద గ్యాప్ వదలాలి. ఒక్కో ఫీల్డు పొడవులో సగాన్ని అవి కలవాల్సిన లోతుతో గుణించి ఎస్‌ఎస్‌డీతో (బీమ్ పుట్టే చోటు నుంచి చర్మానికి ఉన్న దూరం) భాగించి, ఆ రెండూ కలపండి. 30, 20 సెం.మీ. ఫీల్డులు, ఎస్‌ఎస్‌డీ 100, లోతు 5 అయితే 0.75కు 0.5 కలిపి 1.25 సెం.మీ. ఆ లోతుకు పైన డోస్ తగ్గుతుంది, కింద పెరుగుతుంది, కాబట్టి ఏ లోతులో కలపాలో డాక్టరు గారిని అడిగి షీట్‌లో రాయించుకోండి.

రొమ్ము కేసులో ఒకే ఐసోసెంటర్ (మిషన్ ఏ పక్కకు తిరిగినా బీమ్ గురిపెట్టే బిందువు) పెట్టి, బీమ్‌లో సగం మూసిన హాఫ్ బీమ్‌తో కలిపినా, జంక్షన్ పొడవునా ఎర్రటి చార వచ్చిందంటే జా (బీమ్ అంచును ఆపే లోహపు దిమ్మ) సున్నా దగ్గర, అంటే బీమ్ నడిగీత మీద, సరిగ్గా ఆగడం లేదేమో చూడాలి. ఒక్క మిల్లీమీటరు ఎక్కినా డోస్‌లో పది శాతం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే తేడా వస్తుంది. ఫిల్మ్ పెట్టి రెండు సగాలూ విడివిడిగా ఎక్స్‌పోజ్ చేయండి: మధ్యలో నల్లగీత పడితే ఎక్కినట్టు, తెల్లగీత పడితే ఖాళీ. జా క్యాలిబ్రేషన్ సరిచేయించాలి, అంతేగానీ టేబుల్ జరిపి సర్దుకోవద్దు.

మెదడు, వెన్ను కలిపి ఇచ్చేటప్పుడు అసలు కష్టం. దూరం 100 సెం.మీ., వెన్ను ఫీల్డు 30 సెం.మీ. ఉంటే తల ఫీల్డులకు కాలిమేటర్ (బీమ్‌కు ఆకారం ఇచ్చే భాగం) సుమారు 8.5 డిగ్రీలు, తల ఫీల్డు 20 ఉంటే కౌచ్ (పేషంట్ పడుకునే టేబుల్) 5.7 డిగ్రీలు తిప్పాలి. ఒక పక్క కలిసి రెండో పక్క కలవకపోతే కౌచ్ ఎటు తిరిగిందో చూడండి. ఏ పక్కనుంచి ఇచ్చినా పేషంట్ కాళ్లు గాంట్రీ (మిషన్‌లో తిరిగే భాగం) తల వైపుకే రావాలి.

అన్నీ సరిగ్గానే ఉన్నా కలవని రోజు ఒకటి నాకు ఎదురైంది. పీలేరు వైపు నుంచి వచ్చిన బాబు, రెండో వారం, ఇమేజ్‌లో తల నాలుగు మిల్లీమీటర్లు జారింది. కోణాలు మూడుసార్లు లెక్కేశాను, జా చూశాను, గంట పోయింది. చివరికి తల కదలకుండా పట్టే మాస్క్ తీస్తే దాని చిల్లుల్లో పచ్చగా గంధం, లోపల నున్నటి గుండు. "మొక్కు ఉన్నింది సార్, కొండకు పోయి తలనీలాలు ఇచ్చేసి వచ్చినాం" అంది వాళ్లమ్మ. ఒత్తు జుట్టు మీద అచ్చు వేసిన మాస్క్ గుండుకు వదులైపోయింది. ఆమె తప్పేం లేదు, ముందే అడగాల్సింది మేమే. ఆ రోజు ట్రీట్‌మెంట్ ఆపి, కొత్త మాస్క్ చేసి, మళ్లీ సీటీ తీసి ప్లాన్ వేశాం.

కొన్ని సిట్టింగులకోసారి జంక్షన్‌ని ఒక సెంటీమీటరు జరిపే పద్ధతి ఉంది, తప్పక పాటించండి, కానీ అది తేడాను పలచన చేస్తుందే తప్ప మాస్క్‌లో తల జారకుండా ఆపదు. తిరుపతిలో పనిచేసేవాళ్లు సిములేషన్ (ట్రీట్‌మెంట్‌కు ముందు మాస్క్ చేసి సీటీ తీసే పని) రోజునే ఇంటివాళ్లను కూర్చోబెట్టి అడగండి: "మొక్కు ఏమన్నా ఉందా అమ్మా? ఉంటే ముందు గుండు చేయించుకొని రండి, మాస్క్ ఆ తర్వాత చేద్దాం."