సైట్ షెడ్డు నుంచి కాన్పు దాకా: బెంగళూరులో గర్భిణికి వైద్యం ఆలస్యం కాకుండా చూసుకోవడం ఎలా?

అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి బెంగళూరులో కట్టడం పనులు చేసుకునే కుటుంబాలకు ఇక్కడ ఆసుపత్రుల కొరత లేదు. తల్లుల ప్రాణం మీదికి తెచ్చేది ఆలస్యం. వెళ్దామా వద్దా అని ఇంట్లో తేల్చుకోవడంలో ఒకటి, దారిలో ఒకటి, ఆసుపత్రికి చేరాక వైద్యం మొదలవడంలో ఒకటి. మొదటి రెండూ మన చేతిలోవే. అందుకే ఇది గర్భిణితో పాటు భర్త, అత్త, మేస్త్రీ కూడా చదవాలి.

1. నెల తప్పగానే తాయి కార్డు

దగ్గరున్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి గానీ నమ్మ క్లినిక్‌కు గానీ వెళ్ళండి, లేదా ఆ వార్డు ఆశా కార్యకర్తను కలవండి. 12 వారాల లోపే పేరు రాయించాలి. కర్ణాటకలో ఇచ్చే ఈ తల్లీబిడ్డల కార్డునే తాయి కార్డు అంటారు. ఆధార్‌లో ఊరి చిరునామా ఉందని వెనకాడొద్దు. సైటు పేరు, ఫోన్ నంబరు రాయించండి. సైటు మారితే పాత ఆశాకు ఫోన్ చేసి చెప్పి, కొత్త చోట అదే కార్డు చూపించండి. కొత్త కార్డు తీసుకుంటే పాత పరీక్షల వివరాలు పోతాయి.

అక్కడ అడిగే మొదటి మాట చివరి నెలసరి తేదీ. దానికి తొమ్మిది నెలలు, ఏడు రోజులు కలిపితే కాన్పు తేదీ వస్తుంది. మార్చి 10న నెలసరి మొదలైతే డిసెంబరు 17. తేదీ గుర్తులేకపోతే ఉగాదికి ముందా తర్వాతా, అమావాస్యకు ఎన్ని రోజులు అటూ ఇటూ అన్నది చెప్పినా నర్సు లెక్క కట్టగలదు. మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్ ఉంటే ఆ లెక్క ఇంకా గట్టిది. ఈ తేదీ తప్పితే తర్వాత అన్నీ తప్పుతాయి. నొప్పులు నెలలు నిండకుండా వచ్చాయో, నిండాకే వచ్చాయో ఎవరూ చెప్పలేరు.

2. నాలుగుసార్లయినా చూపించుకోవడం

12 వారాల లోపు ఒకటి, 14–26 మధ్య ఒకటి, 28–34 మధ్య ఒకటి, 36 దాటాక ఒకటి. ఇది కనీసం. వీలైతే నెల నెలా వెళ్ళడమే మేలు. ప్రతి నెల 9వ తేదీన సర్కారు ఆసుపత్రుల్లో గర్భిణులను డాక్టరే చూసే ఏర్పాటు ఉంది. ఆ ఒక్క రోజు సెలవు కావాలని మేస్త్రీకి ముందే చెప్పి పెట్టుకోండి.

వెళ్ళిన ప్రతిసారీ బరువు, బీపీ, మూత్రంలో ఆల్బుమిన్ (ప్రోటీన్) చూడాలి, రక్తం శాతం (హిమోగ్లోబిన్) కూడా చూపించుకోవాలి. ఏది వదిలేసినా అడగండి. అడగడం తప్పు కాదు. అంకెలన్నీ కార్డులో రాయించుకోండి. బీపీ 140/90 గానీ అంతకు మించి గానీ ఉంటే ఒంట్లో ఏ బాధా లేకపోయినా అది ప్రమాదమే. ధనుర్వాతం, డిఫ్తీరియా రాకుండా టీడీ సూదులు నాలుగు వారాల తేడాతో రెండు వేస్తారు. గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత చేసే చక్కెర పరీక్షను మధ్యలో లేచి వెళ్ళిపోయి చెడగొట్టుకోవద్దు. బ్లడ్ గ్రూపు నెగటివ్ అయితే ఆ సంగతి భర్తకు కూడా నోటికి రావాలి. బిడ్డది పాజిటివ్ అయితే కాన్పయిన 72 గంటల్లో తర్వాతి బిడ్డకు ముప్పు రాకుండా తల్లికి యాంటీ-డి సూది పడాలి.

3. ఎర్ర మాత్ర దగ్గరే అసలు పని

ఎక్కువమంది జారిపోయేది ఇక్కడే. మొదటి మూడు నెలలు ఫోలిక్ యాసిడ్. నాలుగో నెల నుంచి రోజుకొక ఐరన్ మాత్ర (ఎర్ర మాత్ర అంటే ఇదే), కనీసం 180 రోజులు. కాన్పయ్యాక మరో 180 రోజులు. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. కాల్షియం 500 మిల్లీగ్రాములవి రోజుకు రెండు. నాలుగో నెలలో నులిపురుగుల మాత్ర ఒక్కటి మింగిస్తారు.

రెండు రకాలూ ఒకేసారి మింగితే కాల్షియం ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. కనీసం రెండు గంటల తేడా ఉండాలి. పనికి పోయేవాళ్ళకు ఇలా కుదురుతుంది: పొద్దున సంగటి తిన్నాక ఒక కాల్షియం, మధ్యాహ్నం తిన్నాక ఇంకొకటి, రాత్రి తిని ఒక గంట ఆగి ఐరన్. ఐరన్ వేసుకునే ముందు, తర్వాత గంట సేపు టీ, కాఫీ వద్దు. సైటులో పది గంటల టీతో మాత్ర మింగితే సగం వృథా. నిమ్మకాయ పిండిన నీళ్ళతో మింగితే బాగా పడుతుంది.

మలం నల్లగా వస్తుంది, భయపడకండి. వికారం ఉంటే మానేయకుండా పడుకునే ముందు వేసుకోండి. ఐరన్ మింగితే బిడ్డ నల్లగా పుడుతుందన్నది, బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందన్నది రెండూ నిజం కావు. అత్తలకు ఈ మాట నర్సు నోటితోనే చెప్పించండి, ఆ మాటకు విలువ ఎక్కువ. రేకుల షెడ్డు ఎండకు కాగిపోతుంది కాబట్టి మాత్రలు అట్ట నుంచి ముందే విప్పి డబ్బాలో పోయకండి. అట్టను గోడకు మేకుకు తగిలించి, మింగిన రోజున పక్కనున్న క్యాలెండర్‌లో గీత పెట్టండి. వారానికి ఏడు గీతలు కనిపించాలి.

రక్తం శాతం 11 కంటే తక్కువైతే రక్తహీనత. అప్పుడు మాత్రలు రోజుకు రెండు చేస్తారు. నెల తర్వాత మళ్ళీ పరీక్ష చేసినా పెరగకపోతే నరానికి ఐరన్ ఎక్కించమంటారు, ఒప్పుకోండి. 7 కంటే తక్కువైతే పెద్దాసుపత్రిలో చేరాలి. అలాంటి మనిషికి కాన్పులో మామూలుగా పోయే రక్తం కూడా ప్రాణాంతకం అవుతుంది.

తిండి సంగతికొస్తే, ఊళ్ళో అలవాటైన రాగి సంగటి, ఆకుకూర పప్పు, రోజుకొక గుడ్డు చాలా వరకు సరిపోతాయి. అంగన్‌వాడీలో పేరు రాయిస్తే మాతృపూర్ణ పథకం కింద గర్భిణులకు, బాలింతలకు మధ్యాహ్నం వేడి భోజనం పెడతారు.

4. పని, నీళ్ళు, మరుగు

ఇటుకలు, ఇసుక తట్టలు మోయడం, పరంజా ఎక్కడం మానిపించాలి. ఇంకో సంగతి ఎవరూ పైకి చెప్పరు. సైటులో మరుగు లేక ఆడవాళ్ళు పొద్దస్తమానం మూత్రం ఆపుకుంటారు, అందుకని నీళ్ళు కూడా తాగరు. దాంతో మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది, దానివల్ల నెలలు నిండకుండానే నొప్పులు రావచ్చు. తడక కట్టిన మరుగు ఒకటి మేస్త్రీ దగ్గర పట్టుబట్టి ఏర్పాటు చేయించండి. మంట, చలిజ్వరం ఉంటే అదే రోజు చూపించండి.

5. కాన్పు ఎక్కడ? ఎనిమిదో నెలలోనే తేల్చండి

తొలి కాన్పు పుట్టింట్లో అన్నది మన ఆనవాయితీ. వెళ్ళేదైతే 36 వారాల లోపే వెళ్ళండి. తాయి కార్డు, స్కాన్లు, రక్త పరీక్షల కాగితాలన్నీ వెంట ఉండాలి. చేరిన వారంలోపు అక్కడి ఏఎన్ఎంకు (ఆరోగ్య ఉపకేంద్రం నర్సుకు) చూపించాలి. బెంగళూరులో ఆశాకు వెళ్తున్నట్టు చెప్పాలి. ఇక్కడ పేరు పోయి అక్కడ ఎక్కని ఆ నెలలోనే బీపీ పెరిగినా ఎవరికీ తెలియదు.

ఇక్కడే అయితే, అన్నీ సవ్యంగా ఉన్నవాళ్ళకు దగ్గరి నగరపాలిక ప్రసూతి ఆసుపత్రి చాలు. ఇక్కడివాళ్ళు హెరిగె ఆస్పత్రె అంటారు. రాత్రి ఆపరేషన్ చేసే డాక్టరు, మత్తు డాక్టరు ఉంటారా అని ముందే అడగండి. బీపీ, చక్కెర, కవలలు, ముందు సిజేరియన్, తీవ్ర రక్తహీనత ఉన్నవాళ్ళు మొదటే పెద్దాసుపత్రిలో చూపించుకోవాలి. కేఆర్ మార్కెట్ దగ్గర వాణి విలాస్, శివాజీనగర్‌లో ఘోషా ఆసుపత్రి, మల్లేశ్వరంలో కేసీ జనరల్ అలాంటివి.

6. దారి

108కి ఫోన్ చేయగానే అడిగేది చిరునామా. షెడ్డుకు చిరునామా ఉండదు, అక్కడే అరగంట పోతుంది. కాబట్టి ఎనిమిదో నెలలో ఒక అట్ట ముక్క మీద పెద్ద అక్షరాలతో ఇవి రాయించి తలుపు లోపల అంటించండి: కట్టే బిల్డింగు పేరు, ఏ గేటు, దగ్గరి బస్టాపు గానీ మెట్రో పిల్లర్ నంబరు గానీ, ఆశా నంబరు, కన్నడం బాగా వచ్చిన పక్కింటివాళ్ళ నంబరు, గర్భిణి బ్లడ్ గ్రూపు. కన్నడం వచ్చినవాళ్ళ చేత ఆ అట్ట ఒకసారి చదివించి సరిచూడండి.

రాత్రి గేటు తీసేది వాచ్‌మన్. తొమ్మిదో నెల వచ్చిందని అతనికి చెప్పి ఉంచండి. కంకర లారీలు దారికి అడ్డంగా నిలిపే సైటైతే వ్యాను లోపలికి రాదు, మెయిన్ రోడ్డు మీద నిలబడి చెయ్యి ఊపే మనిషి ఎవరో ముందే అనుకోండి. 108 ఆలస్యమైతే వచ్చే ఆటో మనిషి నంబరు ఒకటి, రక్తం ఇవ్వగల ఇద్దరి పేర్లు కూడా రాసుకోండి. సంచి సిద్ధం చేసి ఉంచండి: కార్డు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఉతికి ఎండబెట్టిన పాత నూలు చీరలు, ప్యాడ్లు, బిడ్డను తుడవడానికి ఒకటి, చుట్టడానికి ఒకటి మెత్తటి బట్టలు, ఫోన్ చార్జరు.

7. ఆగకుండా బయల్దేరాల్సినవి

కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారనీ, భర్త డ్యూటీ నుంచి రానీ అనుకోవద్దు. ఆసుపత్రిలో చెప్పాల్సిన కన్నడ మాట పక్కనే ఉంది, నేర్చుకోండి.

- రక్తం పోవడం, కొంచెమైనా సరే: రక్త హోగ్తా ఇదె.
- నొప్పులు లేకపోయినా ఉమ్మనీరు పోవడం: నీరు హోగ్తా ఇదె.
- బిడ్డ కదలిక తగ్గడం, ఆగడం: మగు అల్లాడ్తా ఇల్ల.
- విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం చేతులు ఉబ్బడం: తలెనోవు తుంబా ఇదె.
- జ్వరం, ఆయాసం, ఫిట్స్.

తలనొప్పిని ఎండ వల్ల వచ్చిందని మాత్ర వేసి పడుకోబెట్టడమే అన్నిటికన్నా పెద్ద పొరపాటు. బీపీ పెరిగి వచ్చిన ఆ తలనొప్పి వెనకే ఫిట్స్ వస్తాయి. ఫిట్స్ వస్తే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏదీ పెట్టకండి. ఇంకో ఆసుపత్రికి పంపుతుంటే ఫిట్స్‌ను ఆపే మెగ్నీషియం సల్ఫేట్ సూది వేశారా అని అడగండి, చీటీలో రాయించుకోండి.

8. ఆసుపత్రిలో

సర్కారు ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం అన్నీ ఉచితం. 2011లో మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ఇది ప్రతి గర్భిణికి హక్కు. ఏ రాష్ట్రం వాళ్ళని చూడకూడదు. డబ్బు అడిగితే ఆరోగ్య హెల్ప్‌లైన్ 104కి ఫోన్ చేయండి.

బిడ్డ పుట్టిన నిమిషంలోపు తల్లికి ఆక్సిటోసిన్ సూది వేస్తారు, రక్తం ఎక్కువ పోకుండా ఆపేది అదే. బిడ్డకు గంటలోపు ముర్రుపాలు పట్టించండి. తేనె, చక్కెర నీళ్ళు వద్దు. మామూలు కాన్పయినా 48 గంటలు అక్కడే ఉండాలి. కూలి పోతుందని అదే రోజు తీసుకెళ్ళిపోకండి. రక్తస్రావం ఎక్కువగా మొదలయ్యేది మొదటి రోజే. ప్యాడు ఐదు నిమిషాల్లోపే తడిసిపోతే వెంటనే నర్సును పిలవండి.

9. ఇంటికొచ్చాక 42 రోజులు

బాలింతకు పథ్యం పేరుతో నీళ్ళు తగ్గించడం, కారప్పొడి అన్నంతో సరిపెట్టడం మానండి. పాలిచ్చే మనిషికి గర్భంతో ఉన్నప్పటికన్నా ఎక్కువ తిండి కావాలి. ఆశా 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. రాకపోతే ఫోన్ చేసి పిలవండి. జ్వరం, వాసన వేసే మైల (కాన్పు తర్వాతి స్రావం), ఒక కాలు మాత్రమే వాచి నొప్పెట్టడం, బిడ్డ పాలు తాగకపోవడం ఉంటే ఆసుపత్రికి వెళ్ళాలి.

జనన నమోదు 21 రోజుల్లోపు రుసుము లేకుండా అవుతుంది. తొలి బిడ్డకు కేంద్ర ప్రభుత్వ మాతృ వందన పథకం కింద ఇచ్చే రూ. 5,000లో రెండో విడత రావాలంటే ఈ నమోదు, బిడ్డ తొలి టీకాలు రెండూ కావాలి. ఆరో వారం టీకాలకు వెళ్ళేటప్పుడు తల్లి బీపీ, రక్తం శాతం కూడా చూపించుకుని, మళ్ళీ వెంటనే గర్భం రాకుండా ఏం వాడాలో అడిగి రండి.