టర్కీ కోడి వేట పాఠాలు – 4: మూడు షెల్స్ లెక్క, మళ్ళీ మొదటి నుంచి

ఈ పాఠంలో షాట్ (షెల్ లోపలి గుళ్ళు) సైజుల గురించి చెప్పాలి. అది ఐదో పాఠానికి జరిగింది. మూడో పాఠంలో ప్లగ్ (షాట్‌గన్‌లో మూడు షెల్స్, అంటే తూటాల కంటే ఎక్కువ పట్టకుండా పెట్టే అడ్డు ముక్క) అమర్చడం చెప్పాక వచ్చిన జవాబులు చూస్తే ముందుకు వెళ్ళడం సరికాదు అనిపించింది. కొందరు ట్యూబులో (షెల్స్ నిలవ ఉండే గొట్టంలో) మూడు, చాంబర్లో (షెల్ పేలే చోట) ఒకటి పెట్టి "మూడు షెల్స్ సరిపోయాయి" అని రాశారు. అవి నాలుగు. కొందరు "నేను ఎప్పుడూ రెండే వేసుకుంటాను, నాకు ప్లగ్ దేనికి" అన్నారు. టెక్సాస్ వాళ్ళలో కొందరు టర్కీకి ప్లగ్ పెట్టి, డవ్ (గువ్వ) సీజన్‌కి తీసేస్తామన్నారు. ఇది పూర్తిగా తలకిందులు.

ముందు ఈ మూడోది తేల్చేద్దాం. మూడు షెల్స్ పరిమితి ఫెడరల్ నిబంధనగా 1935లో వచ్చింది. అది వలస పక్షులకు మాత్రమే: బాతులు, గీస్, డవ్‌లు, ఇంకా 1918 నాటి వలస పక్షుల ఒప్పంద చట్టం కిందికి వచ్చే వేట పక్షులు. ఇప్పుడు అది ఫెడరల్ నిబంధనల సంకలనంలో, 50 సీఎఫ్ఆర్ 20.21(బి)లో ఉంది. టర్కీ వలస పక్షి కాదు, ఏడాదంతా ఒకే అడవిలో తిరుగుతుంది. కాబట్టి టర్కీకి తుపాకీలో ఎన్ని షెల్స్ పట్టొచ్చో చెప్పేది మీ రాష్ట్రమే. టెక్సాస్ టర్కీకి ప్లగ్ అడగదు. అదే తుపాకీతో సెప్టెంబరులో డవ్ వేటకు వెళ్తే ఫెడరల్ నిబంధన వర్తిస్తుంది, ప్లగ్ తప్పనిసరి. ఆ వలస పక్షుల చట్టం కింద మామూలు ఉల్లంఘనకు 15,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు ఉన్నాయి. ఏప్రిల్‌లో తీసిన ప్లగ్ గరాజ్ డ్రాయర్లో మర్చిపోతే సెప్టెంబరులో ఆ బరువు మోయాల్సింది మీరే. అందుకే ప్లగ్ ఏడాది పొడవునా తుపాకీలోనే ఉంచమంటాను. టర్కీకి మూడు షెల్స్ చాలు, మొదటి దెబ్బ తప్పితే పుంజు రెండో దెబ్బకే అరుదుగా దొరుకుతుంది.

ఇప్పుడు అసలు తప్పు. "నేను రెండే వేసుకుంటాను" అన్నవాళ్ళు ఈ భాగం రెండుసార్లు చదవాలి. చట్టం అడిగేది తుపాకీలో ఎన్ని షెల్స్ ఉన్నాయని కాదు, ఎన్ని పట్టగలవని. నిబంధన మొత్తం నిలబడేది "పట్టగల" అన్న ఆ ఒక్క మాట మీద. ఖాళీ తుపాకీ పట్టుకుని కూర్చున్నా, ప్లగ్ లేని ఆ తుపాకీలో నాలుగు పడతాయంటే ఆ క్షణానికే ఉల్లంఘన జరిగినట్టు. గేమ్ వార్డెన్ (వేట నిబంధనలు చూసే అధికారి) మీరు వేసిన షెల్స్ లెక్కపెట్టి వదిలెయ్యడు. చాంబర్ ఖాళీ చేయించి, ట్యూబులోకి మూడో షెల్ నెట్టి చూస్తాడు. అది లోపలికి పోతే చాంబర్‌తో కలిపి నాలుగు. అప్పుడు మీ ఉద్దేశం ఎంత మంచిదైనా అడిగేవాళ్ళుండరు.

ఈ "పట్టగల" నుంచి ఇంకో చిక్కు పుడుతుంది. షెల్ పెట్టె మీద 2¾, 3, 3½ అంగుళాలని రాసేది పేల్చి విచ్చుకున్నాక గొట్టం పొడవు. పేల్చని షెల్ మూతి ముడిచి ఉంటుంది కాబట్టి పొట్టిగా ఉంటుంది: 2¾ షెల్ సుమారు 2.3 అంగుళాలు, 3½ షెల్ సుమారు 3.1. మీరు 3½ షెల్స్‌తో పరీక్షించి "రెండే పడుతున్నాయి, మూడోది పోవడం లేదు" అని సంతోషిస్తారు. వార్డెన్ తన జేబులోంచి 2¾ షెల్స్ తీస్తే మూడూ పడతాయి. ప్లగ్ ఎప్పుడూ అతి పొట్టి షెల్స్‌తో పరీక్షించాలి, అతి పొడుగువాటితో పని చేయించాలి. ఈ రెండింటికీ మధ్య చోటుంది. రెండు 3½ షెల్స్ కలిపి ఆరుంపావు అంగుళాల లోపు, మూడు 2¾ షెల్స్ కలిపి దాదాపు ఏడు. ట్యూబులో మిగిలే చోటు ఈ రెండు అంకెల మధ్య పడితే ఏ షెల్‌తో చూసినా లెక్క ఒకటే. కంపెనీని బట్టి షెల్ పొడవు కొంచెం మారుతుంది కాబట్టి మీ దగ్గరున్నవి కొలిచి మొదలుపెట్టండి.

సెమీ-ఆటో (ఒకటి పేలగానే తర్వాతి షెల్ తనంతట చాంబర్లోకి వచ్చే తుపాకీ) వాళ్ళకు ఇంకొకటి. బెనెల్లి ఎం2 వంటి తుపాకుల్లో ట్యూబు, చాంబర్ నింపాక లిఫ్టర్ (షెల్‌ను చాంబర్ దగ్గరికి ఎత్తే రేకు) మీద ఇంకో షెల్ కూర్చోబెట్టవచ్చు. ఘోస్ట్ లోడ్ అంటారు. ట్యూబులో 2, లిఫ్టర్ మీద 1, చాంబర్లో 1, మొత్తం 4. ప్లగ్ ఉంది కదా అని అలా చేసి పొదలో కూర్చుంటే మూడు షెల్స్ రాష్ట్రంలో తుపాకీలో నాలుగున్నట్టే.

ప్లగ్ చేసుకోవడం మూడో పాఠంలో కొలత లేకుండా చెప్పడంతో చాలామందికి పొడవు కుదరలేదు. ఇలా చేయండి. బ్యారెల్ విప్పడం మీకు వచ్చు, అది వదిలేస్తున్నాను. ట్యూబు మూతి దగ్గర స్ప్రింగ్‌ను పట్టే రిటైనర్ తీసేటప్పుడు మాత్రం అరచెయ్యి అడ్డం పెట్టండి. స్ప్రింగ్ నొక్కుడులో ఉంటుంది, ఎగిరి కంటికి తగులుతుంది. స్ప్రింగ్ బయటికి లాగి, ఫాలోయర్ (స్ప్రింగ్ చివర ఉండి షెల్స్‌ను నెట్టే టోపీ) లోపలే ఉంచి, మీ దగ్గరున్న అతి పొడుగు డమ్మీ (మందు లేని) షెల్స్ రెండు ట్యూబులోకి నెట్టండి. ముందు వైపు నుంచి సన్నని కర్రతో ఫాలోయర్‌ను షెల్స్‌కి ఆనేలా తోసి, కర్ర మీద ట్యూబు మూతి దగ్గర గీత పెట్టండి. ఆ పొడవులోంచి రిటైనర్ లోపలికి దిగే భాగం తీసేయండి, ఇంకో పావు అంగుళం తగ్గించండి. అదే ప్లగ్ పొడవు. దాన్ని స్ప్రింగ్ లోపల పెట్టి బిగించాక, ఈసారి 2¾ డమ్మీలు మూడు నెట్టి చూడండి. మూడోది సగంలో ఆగాలి.

ఇక్కడ తప్పేవి కొన్ని. పావు అంగుళం తగ్గించకపోతే రెండో షెల్ దాన్ని ట్యూబులో పట్టి ఉంచే లాచ్ దాటదు, బలవంతంగా నెట్టితే ఇరుక్కుంటుంది. కర్ర లావుగా ఉంటే స్ప్రింగ్ దానికి ఒరుసుకుని ఫాలోయర్ మధ్యలో ఆగుతుంది. అప్పుడు మొదటి షెల్ పేలాక రెండోది లిఫ్టర్ మీదికి రాదు. కోసిన చివర గరుకు కాగితంతో నున్నగా చెయ్యకపోతే స్ప్రింగ్ చుట్లు అక్కడ తగులుకుంటాయి. చెక్క కర్ర తడి పీల్చి ఉబ్బుతుంది. తుపాకీతో పాటు పెట్టెలో వచ్చిన ప్లాస్టిక్ ప్లగ్ ఉంటే చెక్క జోలికి వెళ్ళొద్దని నా మాట. రెండు పెన్సిల్ ముక్కలు కలిపి ప్లగ్‌గా వేసే పద్ధతి మాత్రం చెల్లదు. ఫెడరల్ నిబంధన ప్రకారం ప్లగ్ ఒకే ముక్కగా ఉండాలి, తుపాకీ విప్పకుండా బయటికి రాకూడదు. జార్జియా చట్టం దీన్నే ఇంకో రకంగా చెబుతుంది: షెల్స్ వేసే చివర నుంచి ప్లగ్ బయటికి లాగడం వీలు కాకూడదు. కొలిచి చేసిన ఒకే ముక్క ప్లగ్ రెండింటికీ సరిపోతుంది. ఈ తలనొప్పి అసలే వద్దనుకుంటే మడత తుపాకీ (గొట్టాన్ని మధ్యలో వంచి షెల్స్ వేసేది) కొనుక్కోండి. ఒంటి గొట్టమైనా, ఒకదాని మీద ఒకటి ఉన్న రెండు గొట్టాలదైనా ప్లగ్ ప్రశ్నే రాదు.

రాష్ట్రాల విషయం. జార్జియా టర్కీ వేటకు వాడే షాట్‌గన్‌కి చాంబర్, ట్యూబు కలిపి మూడే అంటుంది. పెన్సిల్వేనియా టర్కీకి మూడే. కాలిఫోర్నియా కూడా మూడే, ప్లగ్ ఒకే ముక్క. అక్కడ 2019 జులై 1 నుంచి రాష్ట్రమంతటా వేటకు సీసం లేని షాట్ తప్పనిసరి. న్యూయార్క్ లెక్క వేరు. అక్కడ సెమీ-ఆటోకి పరిమితి ఆరు. మిషిగన్‌లోనూ .22 రిమ్‌ఫైర్ (చిన్న తూటాల తుపాకీ) కాని సెమీ-ఆటోకి చాంబర్‌తో కలిపి ఆరే. న్యూయార్క్‌లో ఐదు షెల్స్ పట్టే సెమీ-ఆటోతో ఉదయం వేటాడి, మర్నాడు సరిహద్దు దాటి పెన్సిల్వేనియాలో అదే తుపాకీ తీస్తే నేరం. మారింది తుపాకీ కాదు, నేల. రెండు రాష్ట్రాల లైసెన్సులు ఉన్నవాళ్ళు తక్కువ అంకెకే తుపాకీ సర్దుకోవాలి.

ఈ పాఠాలు అమెరికాలో ఉన్నవాళ్ళకే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి పక్షుల వేట నేరం. ప్లగ్ ఉన్నా, లేకున్నా.

ఒకటో పాఠంలో చెప్పినదాన్ని ఇంకోసారి చెప్పాలి, ఎందుకంటే ప్లగ్ తప్పు జరిమానాతో పోవచ్చు, ఇది పోదు. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం, 18 యూఎస్‌సీ 922(జి)(5)(బి). అందులో మినహాయింపు ఉంది: అమెరికాలో చట్టబద్ధంగా ఇచ్చిన వేట లైసెన్సు చేతిలో ఉంటే ఈ నిషేధం వర్తించదు. కానీ ఆ లైసెన్సు చెల్లుబాటులో ఉండాలి. గడువు తీరిన మర్నాడు తుపాకీ ఇంట్లో అల్మారాలో ఉన్నా చిక్కే. శిక్ష 2022 నుంచి 15 ఏళ్ళ దాకా. సీజన్ అయిపోయిందని లైసెన్సు మానేయొద్దు, తుపాకీ ఉన్నంత కాలం రెన్యూ చేస్తూనే ఉండాలి. భర్త లైసెన్సు భార్యకు పనికిరాదు, ఆమెకు వేరే లైసెన్సు కావాలి. వీసా స్టేటస్సే పోయినవాళ్ళకు ఈ మినహాయింపు లేదు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకు ఈ నిషేధమే వర్తించదు.

అభ్యాసం. ఈసారి కొంచెం కష్టం, పూర్తి చేసే ఐదో పాఠానికి రండి. అసలు షెల్స్ వేరే గదిలో పెట్టి, చాంబర్ వేలితో తడిమి చూశాకే మొదలుపెట్టండి. మీ తుపాకీ ట్యూబులో పైన చెప్పిన కొలత తీసి, 2¾, 3, 3½ డమ్మీల్లో మీ చాంబర్ ఒప్పుకునే ప్రతి పొడవుతోనూ ఎన్ని పడతాయో విడివిడిగా రాయండి. తర్వాత మీ రాష్ట్రం, దాని పొరుగున ఉన్న రెండు రాష్ట్రాల ఈ ఏడాది వేట నిబంధనల పుస్తకాలు తెరిచి నాలుగు వెతకండి: టర్కీకి షెల్స్ పరిమితి, అది పంప్‌కీ (చేత్తో వెనక్కీ ముందుకీ లాగి షెల్ మార్చే తుపాకీకి) సెమీ-ఆటోకీ ఒకటేనా, ప్లగ్ గురించి వాడిన మాటలు, పుంజు పడ్డాక ఎన్ని గంటల్లో నమోదు చెయ్యాలి. ప్రతి జవాబు పక్కన పేజీ నంబరు ఉండాలి. ఎవరో చెప్పారని రాసిన జవాబు తీసుకోను. పోయిన ఏడాది పుస్తకం చూసి రాసినదీ తీసుకోను. చివరగా చిన్న ప్రశ్న: ట్యూబులో ఐదు 2¾ షెల్స్ పట్టే పంప్ తుపాకీ, ప్లగ్ లేదు, ట్యూబులో ఒకటే షెల్, చాంబర్ ఖాళీ, మీరు పెన్సిల్వేనియాలో టర్కీ కోసం కూర్చున్నారు. ఇది చెల్లుతుందా? ఒక్క వాక్యంలో, కారణంతో రాయండి.